రొయ్యలు ఉడికించడానికి ఐదు పద్ధతులు: మీ ఇంటికి ఏది సరిపోతుంది?

"ఉత్తగ ఉడకబెట్టియ్యి బిడ్డా, నూనె తగ్గియ్యమన్నడు డాక్టరు." రెండేళ్ల కింద బాపు ఈ మాట అన్న రోజు నాకు ఏం చేయాలో తోచలేదు. రొయ్యల ఫ్రై వచ్చు, గోంగూరలో వేసి వండడం వచ్చు, బిర్యానీ కూడా వచ్చు. ఉత్త రొయ్యను నీళ్లలో ఎంతసేపు ఉంచాలి, ఆ నీళ్లలో ఏం వేయాలి అంటే మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అవ్వ ఇరవై నిమిషాలు ఉడికించమంది. అలాగే చేశాను. బాపు రెండు నమిలి ప్లేటు పక్కకు జరిపాడు. ఏమీ అనలేదు కానీ నాకు చాలా బాధేసింది.

ఆ ఇరవై నిమిషాల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత అర్థమైంది. మన తెలంగాణకు సముద్రం దూరం. మా చిన్నప్పుడు రొయ్య అంటే అంగడిలో కొన్న ఎండు రొయ్యే. చింతచిగురులోనో గోంగూరలోనో పడేది. ఎండు రొయ్య ఎంత ఉడికితే అంత మెత్తబడుతుంది. పచ్చి రొయ్య దానికి పూర్తిగా వ్యతిరేకం: నిమిషం ఎక్కువైతే గట్టిపడుతుంది, అయిదు నిమిషాలు ఎక్కువైతే రబ్బరే. పాత అలవాటు కొత్త సరుకు మీదికి వచ్చింది, అంతే.

ఈ రెండేళ్లలో ఐదు పద్ధతుల్లో మార్చి మార్చి చేసి చూశాను: ఉత్త నీళ్లలో, ఉప్పు నీళ్లలో, పసుపు ఉప్పు పట్టించి దాని నీళ్లలోనే, మసాలా నీళ్లలో, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద. అన్నిటికన్నా గొప్పది ఫలానా అని చెప్పలేను. కానీ ఏ రొయ్యకు, ఏ మనిషికి ఏది నప్పుతుందో చెప్పగలను.

## ముందు చేతిలో ఉన్న రొయ్యను చూడండి

పద్ధతి ఎంచుకునే ముందు చూడాల్సింది ఇదే. ఫ్రైలో, పులుసులో సరుకు లోపం కొంత దాగుతుంది. ఉడికించిన రొయ్యలో ఏదీ దాగదు.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు మనకు దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ఐసులో వచ్చే వెనామీ. ఆంధ్రలో భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లో పెంచే రొయ్య. దీని పుట్టిల్లు పసిఫిక్ సముద్రానికి అవతలి ఒడ్డు, అమెరికా ఖండాల తీరం. మన దేశంలో దీని సాగుకు 2009లో అనుమతి వచ్చాక, అంతకుముందు రాజ్యమేలిన టైగర్ రొయ్యను చాలావరకు పక్కకు నెట్టింది. మార్కెట్లో "రొయ్యలు" అని అడిగితే చేతికి వచ్చేది ఎక్కువగా ఇదే. థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య ప్రయాణం చేసి వస్తుంది కాబట్టి, దారిలో ఐసు ఎంత బాగా ఉందన్నదే దాని తాజాదనం.

రెండోది ఫ్రోజెన్ ప్యాకెట్. పొట్టు తీసి, వీపు మీద ఉండే నల్ల దారం (పేగు) తీసి అమ్ముతారు. పట్టిన వెంటనే గడ్డకట్టిస్తారు కాబట్టి, ఎండాకాలంలో మార్కెట్లో సగం కరిగిన ఐసు మీద ఉన్న రొయ్య కన్నా ఒక్కోసారి ఇదే మేలు. ఒక్క జాగ్రత్త: ప్యాకెట్ వెనుక చూడండి. ఐఎన్ఎస్ 451 అనో, సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అనో ఉంటే నీళ్లు పట్టి ఉంచేలా ఫాస్ఫేట్ కలిపారని అర్థం. ఉడికిస్తే నీళ్లు బాగా వదిలి రొయ్య చిన్నదైపోతుంది. సోడియం కూడా ఎక్కువే ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం.

మూడోది మన దగ్గరి మంచినీటి రొయ్య. నీలం రంగు పొడవాటి కాళ్లతో ఉండే నీలకంఠ రొయ్య. రాష్ట్రంలో కొన్ని రిజర్వాయర్లలో చేప పిల్లలతో పాటు దీని పిల్లలను కూడా ప్రభుత్వం వదులుతోంది. పట్టినరోజే దొరికితే అదృష్టమే, కానీ దీనితో రెండు సంగతులున్నాయి. తల చాలా పెద్దది, తీసేస్తే తూకంలో చాలా భాగం పోతుంది. పైగా ఆ తలలోని జీర్ణరసాలు చచ్చిన కాసేపటికే కండలోకి దిగి పిండిలా మెత్తగా చేస్తాయి. అందుకే ఇంటికి రాగానే తల తీసి కడిగేయాలి. ఒక్కోసారి చెరువు మట్టి వాసన కూడా ఉంటుంది.

తాజాదనం ఎలా చూడాలంటే, ముక్కునే నమ్మండి. మంచి రొయ్యకు నీటి వాసనో లేత ఉప్పు వాసనో ఉంటుంది. ముక్కు మంటపుట్టే అమ్మోనియా వాసన వస్తే ఏం వేసినా బాగుపడదు. ఒకసారి నేను బేరం బాగా కుదిరిందని కొని, ఇంటికి వచ్చాక ఆ వాసన తగిలి, నిమ్మకాయలు పిండి పసుపు రుద్ది కడిగాను. ఉడికేటప్పుడు వాసన ఇల్లంతా నిండింది. మొత్తం పారేశాను. తలమీద, కీళ్ల దగ్గర నల్ల మచ్చలుంటే మాత్రం వెంటనే కంగారు పడొద్దు. కోసిన వంకాయ నల్లబడినట్టు గాలి తగిలి వచ్చే మార్పు అది. వాసన, గట్టిదనం బాగుంటే వాడుకోవచ్చు. కానీ తల ఊడి వేలాడుతుంటే, ఒత్తితే కండ జారుతుంటే వద్దు.

ఇంకో మాట. రొయ్యలు కౌంట్ లెక్కన అమ్ముతారు. 40 కౌంట్ అంటే కిలోకు 40, అంటే ఒక్కోటి సుమారు 25 గ్రాములు. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. ఉత్తగా ఉడికించి తినడానికి 40 నుంచి 60 కౌంట్ మధ్యది నాకు బాగా అనిపిస్తుంది. 100 కౌంట్ కూరకు మంచిదే కానీ, నీళ్లలో వేసి గంటె వెతికేలోపే ఉడికిపోతుంది. తల, పొట్టు పోతే కిలోలో సగానికి కాస్త అటూ ఇటూ మాత్రమే మిగులుతుందని కొనేటప్పుడే గుర్తు పెట్టుకోండి. నలుగురికి కిలో తెస్తే ఒక్కొక్కరికి వచ్చేది గుప్పెడే.

## ఏం చూసి ఎంచుకోవాలి

నేను చూసే విషయాలు ఇవి. రొయ్య సొంత రుచి ఎంత మిగులుతుంది? ఉప్పు మన అదుపులో ఉంటుందా? ఐసులో రెండు రోజులున్న సరుకు వాసనను తట్టుకుంటుందా? పొరపాటున నిమిషం ఎక్కువైతే ఎంత పాడవుతుంది? ఉడికించాక అలాగే తింటారా, కూరలో వేస్తారా? మిగిలిన నీళ్లు పనికొస్తాయా?

ఈ చివరి ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. రొయ్య రుచిలో మంచి భాగం ఆ నీళ్లలోకి పోతుంది. వాటిని సింకులో పోయడమంటే కొన్న డబ్బులో కొంత పారబోయడమే.

| పద్ధతి | రొయ్య సొంత రుచి | ఉప్పు అదుపు | వాసన తగ్గించడం | నిమిషం ఎక్కువైతే | మిగిలిన నీళ్లు |
|---|---|---|---|---|---|
| ఉత్త నీళ్లు | చప్పబడుతుంది | పూర్తిగా | తక్కువ | త్వరగా పాడు | చారుకు పనికొస్తాయి |
| ఉప్పు నీళ్లు | బాగుంటుంది | మధ్యస్థం | మధ్యస్థం | దింపి మూత పెడితే కొంత క్షమిస్తుంది | ఉప్పు చూసుకుని వాడాలి |
| పసుపు–ఉప్పు, నీళ్లు పోయకుండా | చాలా బాగుంటుంది | పూర్తిగా | బాగా | త్వరగా పాడు | అంతా కూరలోకే |
| మసాలా నీళ్లు | మసాలా ముందుకొస్తుంది | తక్కువ | అన్నిటికన్నా బాగా | మధ్యస్థం | ఘాటు, ఎక్కువగా పోదు |
| ఇడ్లీ పాత్రలో ఆవిరి | అన్నిటికన్నా ఎక్కువ | పూర్తిగా | తక్కువ | కొంత క్షమిస్తుంది | కొద్దిగానే |

కుక్కర్ ఈ పట్టికలో లేదు. విజిల్ వచ్చేలోపే రొయ్య పని అయిపోతుంది. దాన్ని పప్పుకే ఉంచండి.

## ఉత్త నీళ్లు

గిన్నెలో నీళ్లు మరిగించి రొయ్యలు వేయడం, రంగు మారగానే తీయడం. ఇంతకన్నా సులువైనది లేదు. ఏమీ వేయలేదు కాబట్టి ఆరోగ్యానికి ఇదే మంచిదని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఐదింటిలో ఇదే బలహీనమైనది. ఉప్పు లేని నీళ్లు రొయ్యలో ఉన్న కొద్దిపాటి ఉప్పును, తీపిని బయటికి లాగుతాయి. తినేటప్పుడు చప్పగా, నీళ్లు తాగినట్టు ఉంటుంది.

ఎప్పుడు పనికొస్తుందంటే, ఉడికించాక మళ్లీ ఉప్పూ కారం ఉన్న దేంట్లోనో వేసేటప్పుడు. లేదా ఉప్పు పూర్తిగా మానేయాల్సిన వాళ్లకు. వాళ్లకు కూడా దీనికన్నా ఆవిరి మంచిది, కింద చెప్తాను. ఒకవేళ ఇదే చేస్తే పొట్టుతో ఉడికించండి. పొట్టు ఉంటే రుచి తక్కువ పోతుంది, కండ నెమ్మదిగా వేడెక్కుతుంది.

## ఉప్పు నీళ్లు

ఎవరైనా నన్ను "ఒక్కటే చెప్పు" అని అడిగితే ఇదే చెప్తాను. ముఖ్యంగా మొదటిసారి చేసేవాళ్లకు.

కొలత: లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా ఉప్పు, అంటే 15 నుంచి 18 గ్రాములు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, మనం వేసేది దాంట్లో సగం. చూడ్డానికి ఎక్కువ అనిపిస్తుంది. మా అత్తమ్మ మొదటిసారి చూసి "అంత ఉప్పా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. కానీ రొయ్య ఆ నీళ్లలో ఉండేది నాలుగైదు నిమిషాలే, మధ్యలో పొట్టు అడ్డం. ఎక్కువ ఉప్పు నీళ్లతోనే పోతుంది. పొట్టు తీసిన రొయ్యకైతే సగం ఉప్పు చాలు.

పద్ధతి: అర కిలో రొయ్యలకు రెండు లీటర్ల నీళ్లు, కాస్త పెద్ద గంజు. నీళ్లు తక్కువైతే చల్లటి రొయ్య పడగానే మరుగు ఆగిపోయి, కొన్ని ఉడికి కొన్ని పచ్చిగా మిగులుతాయి. నీళ్లు తెర్లుతుండగా రొయ్యలు వేసి, ఒకసారి కలిపి, గ్యాస్ ఆపి మూత పెట్టేయండి. పొట్టుతో ఉన్న 40–60 కౌంట్ రొయ్యకు నాలుగైదు నిమిషాలు. ఆ వేడిలోనే నెమ్మదిగా ఉడుకుతుంది. నీళ్లు చల్లబడుతుంటాయి కాబట్టి నిమిషం అటూ ఇటూ అయినా రబ్బరు కాదు. మంట మీద ఉంచి ఉడికించినదానికీ దీనికీ తేడా పంటికి స్పష్టంగా తెలుస్తుంది.

ఈ గ్యాస్ ఆపే పద్ధతి మన మంచినీటి రొయ్యకు మాత్రం వద్దు. మంచినీటి రొయ్యల్లో పరాన్నజీవులు ఉండే అవకాశం ఉంది కాబట్టి, అది మంట మీదే లోపలిదాకా పూర్తిగా ఉడకాలి. నీలకంఠ రొయ్య పెద్దదైతే ఆరేడు నిమిషాలైనా పడుతుంది. మధ్యలో ఒకటి కోసి చూడండి, ఎక్కడా గాజులా మెరుస్తూ కనిపించకూడదు.

తీసిన వెంటనే ఐసు నీళ్లలో వేయాలా? చల్లగా తినేటట్టైతే వేయండి, లోపలి వేడికి ఉడకడం అక్కడితో ఆగుతుంది. వేడివేడిగా తినేటట్టైతే అవసరం లేదు, నిమిషం ముందే తీసి వెడల్పాటి ప్లేటులో పరచండి. గిన్నెలో కుప్పగా పోస్తే ఆ వేడికి లోపలివి ఇంకా ఉడుకుతూనే ఉంటాయి.

నిమ్మకాయ నీళ్లలో పిండొద్దు, ప్లేటులో పిండండి. పులుపు తగిలిన కండ ముందే బిగుసుకుంటుంది.

## పసుపు–ఉప్పు, నీళ్లు పోయకుండా

ఇది మన ఇళ్లలో పద్ధతే. కూరకు ముందు రొయ్యలకు పసుపు, ఉప్పు పట్టించి మూకుట్లో వేసి, "నీళ్లు ఇంకేదాకా" ఉంచుతాం. ఐడియా చాలా మంచిది. రొయ్య తనలోని నీళ్లలోనే ఉడుకుతుంది, రుచి చుక్క కూడా బయటికి పోదు. పసుపు నీచు వాసనను అణుస్తుంది. ఐసులో వచ్చిన రొయ్యకు, కూరకు వాడేదానికి నా లెక్కలో దీనికి సాటి లేదు.

తప్పంతా ఆ "ఇంకేదాకా" అన్న మాటలో ఉంది. అర కిలో రొయ్యలు వదిలే నీళ్లు ఇంకడానికి పది నిమిషాలు దాటుతుంది. రొయ్య నాలుగు నిమిషాలకే ఉడికి కూర్చుంటుంది. మిగతా సమయమంతా అది గట్టిపడడమే. ఆ తర్వాత మళ్లీ కూరలో ఇంకో పది నిమిషాలు.

నేను చేసే మార్పు చిన్నదే. పొట్టు తీసిన అర కిలోకు పావు చెంచా పసుపు, ముప్పావు చెంచా ఉప్పు. వెడల్పాటి మూకుడు, మధ్యస్థం మంట. రెండు నిమిషాల్లో నీళ్లు ఊరతాయి. ఇంకో నిమిషమో నిమిషంన్నరో కలుపుతూ ఉండి, జల్లి గంటెతో రొయ్యలు తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు మిగిలిన పసుపు నీళ్లను ఒక్కటే మరిగించి చిక్కగా చేయండి. ఆ చిక్కటి రసం మళ్లీ రొయ్యల మీద పోయండి, లేదా కూరలో కలపండి. అవ్వకు మొదట నమ్మకం కుదరలేదు. ఒకే రోజు రెండు రకాలుగా చేసి పక్కపక్కన పెట్టాక, ఇప్పుడు తనే రొయ్యలు తీసి పెడుతుంది.

ఒక ఇబ్బంది ఉంది. మామూలుగా రొయ్య ఉడికిందని రంగు చెప్తుంది. దాని ఒంట్లో అస్టాక్సాంథిన్ అనే ఎర్రటి పదార్థం ఒక ప్రొటీన్‌కు అంటుకుని ఉండి బూడిద రంగులో కనిపిస్తుంది. వేడికి ఆ ప్రొటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. పసుపు వేస్తే ఈ గుర్తు సగం దాగిపోతుంది. అందుకే ఇక్కడ రంగు కాదు, వంపు చూడాలి. కొడవలిలా వంగితే సరిగ్గా ఉడికినట్టు. నీళ్ల బిందె కింద పెట్టుకునే సుట్టబట్టలా తోక తలకు తగిలేలా చుట్టుకుపోతే దాటిపోయినట్టు. ఇది ఏ పద్ధతికైనా పనికొచ్చే గుర్తే.

## మసాలా నీళ్లు

అమెరికాలో లూసియానా వైపు రొయ్యలను మసాలా నీళ్లలో మక్క కంకులు, ఆలుగడ్డలతో కలిపి పెద్ద గంజులో ఉడికించి, కాగితం పరిచిన బల్ల మీద పోసుకుని అందరూ కలిసి తింటారు. ఆ వీడియోలు చూసి మన పిల్లలు అడుగుతున్నారు. మక్కలు పండే ప్రాంతం మనది, కాబట్టి ఇది మనకు అంత పరాయిదేమీ కాదు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఒకటుంది: మూడు నిమిషాల్లో మసాలా రొయ్య లోపలికి పోదు. నీళ్లనే ముందు బాగా తయారు చేయాలి. రెండు లీటర్ల నీళ్లలో ఆరేడు ఎల్లిగడ్డ రెబ్బలు దంచి, ఒక ఉల్లిగడ్డ, చెంచా మిరియాలు, రెండు బిర్యానీ ఆకులు, కొత్తిమీర కాడలు, మూడు చపాట మిర్చి, ఉప్పు వేసి పదిహేను నిమిషాలు మరిగించండి. చపాట మన వరంగల్ మిర్చి, 2025లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. రంగు బాగా ఇస్తుంది, కారం తక్కువ. పిల్లలున్న ఇంట్లో ఇదే సరైనది. గుంటూరు రకాలు వేస్తే నీళ్లు ఘాటెక్కి రొయ్య రుచే తెలియదు.

ఆలుగడ్డ ముక్కలు ముందు, పది పన్నెండు నిమిషాలు. తర్వాత మక్క కంకి ముక్కలు అయిదారు నిమిషాలు. చివర్లో రొయ్యలు మూడు నిమిషాలు. అన్నీ ఒకేసారి వేస్తే ఏదో ఒకటి పాడవడం ఖాయం. గ్యాస్ ఆపాక గుప్పెడు ఐసు ముక్కలు వేసి అయిదు నిమిషాలు అలాగే ఉంచితే, ఉడకడం ఆగుతుంది, మసాలా కొంచెం పడుతుంది. పొట్టు వీపు మీద కత్తెరతో చీరి ఉంచితే ఇంకా బాగా పడుతుంది, నల్ల దారం కూడా అప్పుడే తీసేయొచ్చు.

మంచినీటి రొయ్యలో మట్టి వాసన అనిపిస్తే ఈ పద్ధతే కాపాడుతుంది. అప్పుడు రొయ్యలకు మూడు నిమిషాలు కాదు, పైన చెప్పిన ఆరేడు నిమిషాలు ఇచ్చి, పూర్తిగా ఉడికాకే ఐసు వేయండి. కానీ మంచి తాజా వెనామీ దొరికిన రోజు ఇంత హంగు వద్దు, దాని తీపి పోతుంది. ఒక్కడి కోసం చేసే వంట కూడా కాదు ఇది. నలుగురైదుగురు కూర్చుంటేనే ఆ శ్రమకు తగ్గ సంతోషం.

## ఇడ్లీ పాత్రలో ఆవిరి

నేను ఆలస్యంగా కనుక్కున్నది, ఇప్పుడు ఎక్కువగా చేసేది. నీళ్లలో మునగదు కాబట్టి రుచి ఎక్కడికీ పోదు. ఉప్పు మనం వేసినంతే. రేకుల మీద ఒక్క వరుసలో పరచండి, ఒకదాని మీద ఒకటి పడితే కింది దానికి ఆవిరి తగలదు. నీళ్లు బాగా మరిగి ఆవిరి వస్తుండగానే రేకులు లోపల పెట్టాలి, చల్లటి నీళ్లతో మొదలుపెడితే లెక్క తప్పుతుంది. 40–60 కౌంట్‌కు నాలుగైదు నిమిషాలు.

లోటు ఏంటంటే, ఒక విడతలో పావు కిలో, మహా అయితే 300 గ్రాములు పడతాయి. ఇంటిల్లిపాదికీ చేయాలంటే మూడు విడతలు. ఇంకోటి, వాసన ఉన్న సరుకైతే ఆవిరి దాన్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. తాజాది అని నమ్మకం ఉన్నప్పుడే.

## సమయాల లెక్క

మంట మీద మరిగే నీళ్లలో, పొట్టుతో ఉన్న రొయ్యకు నేను వాడే లెక్క ఇది. పొట్టు తీస్తే అర నిమిషం తగ్గించండి.

| కౌంట్ | నిమిషాలు |
|---|---|
| 30–40 | 3 నుంచి 4 |
| 50–60 | 2 నుంచి 3 |
| 80–100 | ఒకటిన్నర నుంచి 2 |
| పెద్ద నీలకంఠ రొయ్య | 6 నుంచి 8 |

ఫ్రోజెన్‌ది గడ్డగా ఉండగానే వేయొద్దు. రాత్రి ఫ్రిజ్‌లో కింది అరలోకి మార్చండి, లేదా కవర్‌తో సహా చల్లటి నీళ్లలో అరగంట ఉంచండి. వేడినీళ్లు పోస్తే అంచులు ఉడికి లోపల గడ్డ మిగులుతుంది. ఇంట్లో వంట థర్మామీటర్ ఉంటే లోపలి వేడి 63 డిగ్రీలకు చేరితే చాలు.

పొట్టు తీసిన రొయ్య కరకరమంటూ నిండుగా ఉండాలంటే, అర కిలోకు పావు చెంచా వంట సోడా, అర చెంచా ఉప్పు కలిపి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి కడిగి ఉడికించండి. హోటళ్లలో తిన్నప్పుడు టక్కున తెగే ఆ రొయ్య చాలాసార్లు ఇలాంటిదే. బీపీ ఉన్నవాళ్లకు చేసేటప్పుడు ఇది వదిలేయండి, సోడాలోనూ సోడియమే.

## ఎవరికి ఏది

బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఆవిరి, అది కుదరకపోతే ఉత్త నీళ్లు. ఉప్పు లేని లోటును పులుపుతో, ఘాటుతో పూడ్చాలి: సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, మిరియాల పొడి, పైన నిమ్మరసం. "ఉప్పు లేకుంటే ఎట్ల తినుడు బిడ్డా" అన్న బాపు ఇప్పుడు ఇది జొన్న రొట్టెతో ఇష్టంగా తింటున్నాడు. చిటికెడు ఉప్పు మాత్రం ఉడికాక పైన చల్లుతాను. లోపల ఉప్పు కన్నా నాలుకకు ముందు తగిలే ఉప్పు తక్కువైనా ఎక్కువ అనిపిస్తుంది. కొలెస్ట్రాల్ గురించి కూడా అడుగుతుంటారు. 100 గ్రాముల ఉడికిన రొయ్యలో 190 మిల్లీగ్రాముల దాకా కొలెస్ట్రాల్ ఉంటుంది, కొవ్వు మాత్రం చాలా తక్కువ. గుండె మందులు వాడేవాళ్లు, యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవాళ్లు ఎంత తినొచ్చో తమ డాక్టర్‌నే అడగడం మంచిది.

జిమ్‌కు వెళ్లేవాళ్లకు ఉప్పు నీళ్లు. 100 గ్రాముల ఉడికిన రొయ్యలో సుమారు 24 గ్రాముల ప్రొటీన్, 100 కేలరీలు. మూడు రోజులకు ఒకేసారి చేసి పెట్టుకోవచ్చు. నూనె, మసాలా లేదు కాబట్టి ఒక రోజు నిమ్మకాయతో, ఇంకో రోజు పెరుగులో మార్చుకుని తినొచ్చు. ఎన్‌ఐటీ వైపు రూముల్లో ఉండే పిల్లలకు కూడా ఇదే చెప్తాను: ఫ్రోజెన్ ప్యాకెట్, ఒక ఇండక్షన్ స్టవ్, ఒక గిన్నె. పొట్టు తీసిన రొయ్యకు ఉప్పు సగానికి తగ్గించడం మరిచిపోవద్దు.

చిన్నపిల్లలకు ఆవిరి రొయ్య, చిన్న ముక్కలుగా కోసి. మొదటిసారి పెడుతుంటే ఒక చిన్న ముక్కతో ఆగండి. రొయ్య అలర్జీ కొంతమందిలో ఉంటుంది, దానికి కారణమైన ప్రొటీన్ ఎంత ఉడికించినా పోదు. ఎంతసేపు మరిగించినా, మసాలా ఎంత వేసినా ఆ ప్రమాదం తగ్గదు. దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఎవరికైనా ఈ అలర్జీ ఉంటే గిన్నె, గంటె కూడా వేరే పెట్టండి. ఆవిరి చేసిన ఇడ్లీ రేకులను సబ్బుతో బాగా తోమకుండా మళ్లీ ఇడ్లీకి వాడొద్దు.

చుట్టాలు వచ్చిన రోజు మసాలా నీళ్లు. మిగిలిన రోజుల్లో, పులుసో వేపుడో చేయబోతుంటే, పసుపు–ఉప్పు.

## మిగిలినవి, పొట్టు, ఎండాకాలం

తలలు, పొట్టు పారేయకండి. కడిగి, చెంచా నూనెలో ఎర్రబడేదాకా వేయించి, నీళ్లు పోసి ఇరవై నిమిషాలు మరిగించి వడకడితే వచ్చే నీళ్లు చింతపండు పులుసుకు ప్రాణం పోస్తాయి. పొట్టును ఎంత ఉడికించినా పర్వాలేదు, అవ్వ చెప్పిన ఇరవై నిమిషాలు దీనికి సరిగ్గా సరిపోతాయి.

ఉడికిన రొయ్యలను మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు. బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. మే నెలలో మన దగ్గర ఎండ 40 దాటినప్పుడు గంట కూడా ఎక్కువే. మార్కెట్‌కు వెళ్లేటప్పుడు స్టీలు డబ్బాలో ఐసు పట్టుకెళ్లండి, స్కూటీ డిక్కీలో అరగంట ఎండలో పెట్టి తెచ్చిన రొయ్యను ఏ పద్ధతీ బాగుచేయలేదు.

ఫ్రిజ్‌లో ఉన్నవి మళ్లీ వేడి చేయాలంటే నీళ్లలో మరిగించొద్దు. కూరో పులుసో పూర్తిగా అయ్యాక, తెర్లుతున్నప్పుడే అందులో వేసి నిమిషం కలిపి, గ్యాస్ ఆపి మూత పెట్టండి. అయిదు నిమిషాలకు లోపలిదాకా వేడెక్కుతాయి, గట్టిపడవు.